ఆర్గానిక్ కూరగాయలకు అదనపు ధర: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

మీ ప్రశ్న సారాంశం ఇది: ఇంట్లో నలుగురు ఉన్నారు, వారిలో ఒకరు చిన్న పిల్ల. ఆర్గానిక్ కూరగాయలు, పండ్లు సాధారణ రకం కంటే ఒకటిన్నర రెట్లు, కొన్నయితే రెట్టింపు ధర పలుకుతున్నాయి. అంత తేడా ఎందుకు వస్తోంది, ఆ డబ్బుకు తగిన ప్రయోజనం ఉందా, ఉంటే అన్నింటినీ మార్చుకోవాలా, కొన్నింటిని మార్చుకుంటే సరిపోతుందా అని అడిగారు. పెద్ద వంటశాలలకు కూరగాయలు, పండ్లు టోకున కొని సరఫరా చేసే పనిలో నేను చాలాకాలంగా ఉన్నాను. రెండు రకాలనూ పక్కపక్కనే తూచి, తరుగు రాసి, లెక్క అప్పజెప్పవలసిన పని కనుక ఈ విషయాన్ని ఎక్కువగా లెక్కల వైపు నుంచే చెబుతాను.

సూటిగా జవాబు: అన్నింటినీ మార్చవలసిన అవసరం లేదు. మీ ఇంట్లో తొక్కతో సహా తినేవి, ఆకుగా తినేవి, వారంలో పలుమార్లు వాడేవి ఏవో చూసి, వాటిలో నాలుగైదు రకాలకు మాత్రమే ఆర్గానిక్ ధర పెట్టండి. మిగతావి సాధారణ రకమే కొని బాగా కడిగి వాడండి. ధర పోల్చేటప్పుడు సంచిలోకి వచ్చిన కిలోను కాక, ఒలిచి, పాడైనది తీసేశాక గిన్నెలో పడే బరువును లెక్కలోకి తీసుకోండి. ఆర్గానిక్ కొనడం వల్ల ఇంట్లో తినే కూరగాయల పరిమాణమే తగ్గిపోయే పరిస్థితి ఉంటే ఆ కొనుగోలు మానేయడం మేలు. మనిషికి రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మేరకు తినడం వల్ల కలిగే లాభానికి బలమైన ఆధారాలు ఉన్నాయి. అదే పరిమాణంలో సాధారణ రకానికి బదులు ఆర్గానిక్ తినడం వల్ల అదనంగా కలిగే లాభానికి అంత బలమైన ఆధారాలు లేవు.

ఇక ధర సంగతి. చాలామంది దీన్ని వ్యాపారుల దురాశగా కొట్టిపారేస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు కానీ, అసలు తేడా పొలంలోనే మొదలవుతుంది. ఆర్గానిక్ సాగులో యూరియా వంటి కృత్రిమ ఎరువులు వాడకూడదు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది, అంటే 50 కిలోల బస్తాలో 23 కిలోలు. మాగిన పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతమే కనుక అదే 23 కిలోలు పొలానికి చేర్చాలంటే నాలుగున్నర టన్నులకు పైగా ఎరువు తోలాలి. ఒక మనిషి భుజాన మోసుకుపోయి చల్లే బస్తాకు బదులు, అంత ఎరువును సంపాదించి, బండ్ల మీద తెచ్చి, కుప్పలు వేసి, వెదజల్లాలి. పైగా అందులోని నత్రజని మొత్తం మొదటి పంటకే అందదు, నెమ్మదిగా విడుదలవుతుంది. పచ్చిరొట్ట వేసి దున్నే పద్ధతిలో తోలకం ఖర్చు తగ్గుతుంది కానీ, ఆ కాలమంతా నేల అమ్ముడుపోయే పంట ఇవ్వదు. కలుపు విషయంలోనూ ఇంతే. ఒకసారి మందు కొడితే అయిపోయే పనికి ఇక్కడ మనుషులు వరుసల వెంట కూర్చుని తీయాలి, కొన్నాళ్లకు మళ్లీ తీయాలి.

దిగుబడి కూడా తగ్గుతుంది. 2012లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం పంటనూ పరిస్థితులనూ బట్టి ఆర్గానిక్ దిగుబడి 5 నుంచి 34 శాతం దాకా తక్కువగా ఉంది. 2015లో వచ్చిన మరో విశ్లేషణ సగటున సుమారు 19 శాతం తక్కువ అని తేల్చింది. సాగు ఖర్చు సమానంగా ఉండి దిగుబడి 20 శాతం తగ్గినా కిలోకు పడే ఖర్చు 25 శాతం పెరుగుతుంది. కొనవలసిన ఎరువులు, మందుల ఖర్చు మిగలడం వల్ల ఇందులో కొంత భాగం సర్దుకుంటుంది.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. క్రౌడర్, రెగనాల్డ్ అనే పరిశోధకులు 55 పంటల మీద జరిగిన 44 అధ్యయనాలను క్రోడీకరించి 2015లో ప్రచురించిన పరిశీలనలో, ఆర్గానిక్ సాగులో కూలీ ఖర్చు 7 నుంచి 13 శాతం ఎక్కువ ఉన్నా, దిగుబడి తక్కువైనా, రైతుకు 5 నుంచి 7 శాతం అదనపు ధర దక్కితే సాధారణ సాగుతో సమానమైన లాభం వస్తుందని తేలింది. వాస్తవంగా ఆ అధ్యయనాల్లో కనిపించిన అదనపు ధర సుమారు 30 శాతం. అంటే మీకు కనిపిస్తున్న ఒకటిన్నర రెట్ల, రెండు రెట్ల ధరను పొలం ఒక్కటే వివరించలేదు. మిగతాది గట్టు దాటిన తర్వాత చేరుతుంది.

ఆ మిగతాది ఎలా చేరుతుందో నా పనిలో రోజూ కనిపిస్తుంది. ప్రపంచంలోని సాగుభూమిలో ఆర్గానిక్ వాటా ఇప్పటికీ సుమారు 2 శాతమే. సరుకు తక్కువ కనుక బండి సగం ఖాళీగా వస్తుంది, కానీ కిరాయి మాత్రం నిండు బండికే ఇవ్వాలి. సాధారణ సరుకుతో కలవకుండా వేరే క్రేట్లు, వేరే నిల్వగది, వేరే పుస్తకం ఉండాలి. కోత తర్వాత బూజు రాకుండా వాడే రసాయనాలను, దుంపలు మొలకెత్తకుండా వాడే కృత్రిమ మందులను ఇక్కడ వాడకూడదు కనుక నిల్వలో తరుగు ఎక్కువ. అంగడిలో ఆర్గానిక్ సరుకు పెట్టిన అర దగ్గరికి వచ్చే కొనుగోలుదారులూ తక్కువే కాబట్టి సాయంత్రానికి వాడిపోయేది ఎక్కువ, ఆ వాడిపోయిన సరుకు ఖరీదు అమ్ముడైన సరుకు మీదే పడుతుంది. వీటికి తోడు ధ్రువీకరణ రుసుము, తనిఖీలు, రాతకోతలు ఉంటాయి. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల మార్గదర్శకాల ప్రకారం ఏడాది పంటలకైతే విత్తడానికి ముందు కనీసం రెండేళ్లు, బహువార్షిక పంటలకైతే మొదటి కోతకు ముందు కనీసం మూడేళ్లు భూమిని ఆర్గానిక్ పద్ధతిలో నడపాలి. ఆ మార్పిడి కాలంలో రైతుకు తగ్గిన దిగుబడి ఉంటుంది కానీ ఆర్గానిక్ ముద్రతో వచ్చే ధర ఉండదు. ఆ నష్టాన్ని తర్వాతి సంవత్సరాల్లో రాబట్టుకోవాలి.

అందువల్ల ధరల తేడా అన్నింటికీ ఒకేలా ఉండదు. ఆర్గానిక్ అంటేనే రెట్టింపు అని మనసులో పెట్టుకున్నవారు చవకగా దొరికేవాటిని కూడా వదులుకుంటారు. అమెరికా వ్యవసాయ శాఖ ఆర్థిక పరిశోధన విభాగం 17 రకాల ఆహార వస్తువుల చిల్లర ధరలను పరిశీలించినప్పుడు, 2010లో తాజా పాలకూరకు అదనపు ధర 7 శాతమే ఉండగా కోడిగుడ్లకు 82 శాతం ఉంది. ఆ దేశపు వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ 2015లో చేసిన పోలికలో సగటు తేడా 47 శాతంగా తేలినా, వస్తువుకూ వస్తువుకూ మధ్య తేడా చాలా విస్తారంగా ఉంది, కొన్ని సమాన ధరకో అంతకన్నా తక్కువకో దొరికాయి. ఈ అంకెలు మీ అంగడికి వర్తించవు. వాటిలోని పోకడ మాత్రం వర్తిస్తుంది. ఆర్గానిక్ సరుకు సమృద్ధిగా వచ్చే రుతువులో తేడా కుంచించుకుపోతుంది, రుతువు దాటాక అదే వస్తువుకు తేడా అమాంతం పెరుగుతుంది. నేను కొనుగోలు పట్టికలో ఆర్గానిక్ అన్న మాటను శాశ్వతంగా ఏ వస్తువు పక్కనా రాయను. ఆ వారం తేడా ఎంతో చూసి రాస్తాను.

కిలో ధర మోసం చేస్తుంది, గిన్నె ధర చేయదు. సాధారణ ఆకుకూర కిలో ధర 100 అనుకోండి, ఆర్గానిక్ 140. పైకి తేడా 40 శాతం. సాధారణ కట్టలో కాడలు, పండాకు పోను 20 శాతం తరుగు పోతే గిన్నెలో పడిన కిలోకు 125 పడుతుంది. ఆర్గానిక్ కట్ట రెండు రోజులు అరలో ఉండి వాడిపోయి 30 శాతం పోతే గిన్నె ధర 200. తేడా 60 శాతం అయింది. అదే ఆర్గానిక్ ఆకు ఉదయం కోసి అదే రోజు మీ చేతికి వచ్చి 10 శాతం మాత్రమే పోతే గిన్నె ధర 156 దగ్గర ఆగుతుంది, తేడా సుమారు 24 శాతానికి దిగుతుంది. అంగడి ధర మూడు సందర్భాల్లోనూ మారలేదు. క్యారెట్‌లో లెక్క ఇంకోలా తిరుగుతుంది. సాధారణ క్యారెట్ 100 అయి, చెక్కు తీస్తే 15 శాతం పోతే గిన్నె ధర 118. ఆర్గానిక్ 130 అయినా చెక్కు తీయకుండా రుద్ది కడిగి, మొదలూ చివరా మాత్రం కోస్తే 5 శాతం పోయి 137 అవుతుంది. 30 శాతం తేడా 16 శాతంగా మిగిలింది. ఒక వారం పాటు ఇంట్లో పారేసేదాన్ని తూచి చూడండి; నా మాట కంటే ఆ తక్కెడ మీకు ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు ప్రయోజనం మాట. పోషకాల కోసమే ఆర్గానిక్ కొంటున్నట్లయితే ఆధారం బలహీనంగా ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2012లో రెండు వందలకు పైగా అధ్యయనాలను సమీక్షించి, ఆర్గానిక్ ఆహారం గణనీయంగా ఎక్కువ పోషకవంతమనడానికి బలమైన ఆధారం లేదని తేల్చారు. 2014లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో 343 అధ్యయనాల ఆధారంగా వచ్చిన మరో విశ్లేషణ ఆర్గానిక్ పంటల్లో యాంటీఆక్సిడెంట్లు ఎక్కువగా, కాడ్మియం అనే హానికర లోహం తక్కువగా ఉన్నాయని చెప్పింది. ఈ రెండింటి మధ్య వాదం ఇంకా తెగలేదు. ఆ యాంటీఆక్సిడెంట్ల తేడాను ఇంకో గుప్పెడు కూరగాయలు అదనంగా తిని పూడ్చుకోవచ్చు కనుక, డబ్బు లెక్కలో దానికి నేను విలువ కట్టను.

పురుగుమందుల అవశేషాల విషయంలో మాత్రం రెండు విశ్లేషణలూ ఒకే వైపు చూపిస్తాయి: ఆర్గానిక్‌లో అవశేషాలు కనబడే అవకాశం స్పష్టంగా తక్కువ. 2006లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో 23 మంది బడి పిల్లలకు వరుసగా ఐదు రోజులు వారి మామూలు ఆహారంలో చాలావరకు ఆర్గానిక్ పదార్థాలతో మార్చి ఇచ్చినప్పుడు, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ మందుల ఆనవాళ్లు వారి మూత్రంలో గుర్తించలేనంతగా పడిపోయి, మామూలు ఆహారానికి తిరిగి రాగానే మళ్లీ కనిపించాయి. అయితే అవశేషం ఉండటం వేరు, హాని చేసేంత ఉండటం వేరు. యూరప్‌లో ఏటా పరీక్షించే నమూనాల్లో సుమారు 96 శాతం, అమెరికా వ్యవసాయ శాఖ పరీక్షల్లో 99 శాతానికి పైగా చట్టం నిర్ణయించిన పరిమితుల్లోపే ఉంటున్నాయి. ఇవి పరీక్షలు క్రమం తప్పకుండా జరిగే చోట్ల సంగతి అని గుర్తుంచుకోవాలి. మందు కొట్టిన తర్వాత కోతకు ఆగవలసిన రోజులను ఎవరూ పట్టించుకోని చోట ఈ భరోసా అంతగా ఉండదు, అలాంటి చోట ఆర్గానిక్‌కు పెట్టే డబ్బుకు విలువ ఎక్కువ.

పిల్ల గురించి ప్రత్యేకంగా అడిగారు. పిల్లలు తమ శరీర బరువుతో పోలిస్తే పెద్దల కంటే ఎక్కువ తింటారు, అవయవాలు ఎదిగే వయసు కూడా అదే. కాబట్టి ముందుగా వారి కంచంలోని వస్తువులను మార్చడం సమంజసం. అమెరికా శిశువైద్యుల సంఘం 2012 నివేదికలో ఆర్గానిక్ వల్ల అవశేషాలు తగ్గుతాయని ఒప్పుకుంటూనే, పిల్లలు రకరకాల పండ్లు, కూరగాయలు తినడమే ముఖ్యమని, అవి ఏ రకమైనా సరేనని చెప్పింది. మీ పిల్ల రోజూ ఏ పండు తొక్కతో తింటుందో ఆ ఒక్కదాన్ని మార్చినా మీ డబ్బులో ఎక్కువ భాగం సరైన చోటికి చేరినట్లే.

ఎంపిక ఎలా చేయాలి? నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. తినే భాగం మీద నేరుగా మందు పడుతుందా, దాన్ని తొక్క తీయకుండా తింటామా, వారంలో ఎన్నిసార్లు తింటాము. ఆకుకూరలు, స్ట్రాబెర్రీ, ద్రాక్ష, ఆపిల్, మిరప వంటివి మొదటి రెండింటికీ అవును అనిపించుకుంటాయి. ఉల్లి, క్యాబేజీ, అనాస, బొప్పాయి, అవకాడో, పుచ్చ వంటివి పైపొరను తీసేసి తింటాము కనుక వాటికి ఆర్గానిక్ ధర పెట్టడం నా దృష్టిలో వృథా. ఇలాంటి జాబితాను అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ఏటా విడుదల చేస్తుంది. ఆ జాబితా అవశేషాలు ఎన్ని ఉన్నాయో ఎక్కువగా చూస్తుంది కానీ, వాటి మోతాదు హానికర స్థాయికి ఎంత దూరంలో ఉందో తగినంతగా చూడదన్న విమర్శ శాస్త్రవేత్తల్లో ఉంది. 2011లో వింటర్, కాట్జ్ అనే ఆహార శాస్త్రవేత్తలు ఆ మోతాదులు సురక్షిత పరిమితులకు చాలా దిగువన ఉన్నాయని చూపించారు. కాబట్టి అలాంటి జాబితాను చూసి భయపడి పండ్లు మానేయకండి. డబ్బు ఎక్కడ ముందు పెట్టాలో చూసుకోవడానికి వాడుకోండి.

ఈ ఎంపిక మొత్తం ఖర్చును ఎంత మారుస్తుందో చూడండి. నెలకు కూరగాయలు, పండ్లకు మీరు పెట్టేది 1,000 భాగాలు అనుకుందాం. అన్నింటినీ 50 శాతం ఎక్కువ ధరతో మారిస్తే 1,500 అవుతుంది. ఖర్చులో పావు వంతు ఉండే వస్తువులను మాత్రమే మారిస్తే 1,125తో సరిపోతుంది. అవశేషాలు ఎక్కువగా ఉండే వస్తువులు ఆ పావు వంతులోనే ఉంటే, అన్నింటినీ మార్చడం వల్ల కలిగే ప్రయోజనంలో పెద్ద భాగం ఈ 125తోనే దక్కుతుంది. మిగిలిన 375తో ఇంట్లో ఇంకో పూట పండ్లు పెట్టవచ్చు.

సాధారణ రకాన్ని కడగడం గురించి తేలికగా మాట్లాడేవారు ఎక్కువ. 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆపిల్ పండ్ల మీద రెండు మందులు పూసి పరీక్షించారు. లీటరు నీటికి 10 గ్రాముల వంటసోడా కలిపిన ద్రావణంలో పండ్లను ఉంచితే, థయాబెండజోల్ 12 నిమిషాల్లో సుమారు 80 శాతం, ఫాస్మెట్ 15 నిమిషాల్లో సుమారు 96 శాతం పోయాయి. తొక్క లోపలికి ఇంకినదాన్ని మాత్రం ఏ కడుగుడూ పూర్తిగా తీయలేకపోయింది. మొక్క వేళ్ల ద్వారా పీల్చుకున్న అంతర్వాహిక మందుల విషయంలో కడగడం ఇంకా తక్కువ పనిచేస్తుంది. చెక్కు తీస్తే ఎక్కువ పోతుంది, కానీ దానితో పీచు కూడా పోతుంది. అందుకే తొక్కతో తినవలసినవాటికే ఆర్గానిక్ కొనండని పైన చెప్పాను.

ఆర్గానిక్ అంటే మందులే కొట్టరని అర్థం కాదు. వేపనూనె, పైరెత్రిన్, స్పినోసాడ్, రాగి సమ్మేళనాలు చాలా దేశాల ఆర్గానిక్ నిబంధనల్లో షరతులతో అనుమతి పొందినవే. ధ్రువీకరణ ప్రధానంగా సాగు పద్ధతికి ఇస్తారు. మీ చేతిలో ఉన్న ఈ కట్టను ప్రయోగశాలలో పరీక్షించినట్లు ఆ ముద్ర చెప్పదు. పక్క పొలం నుంచి గాలిలో కొట్టుకొచ్చే తుంపరను ఏ ముద్రా ఆపలేదు. కాబట్టి ఆర్గానిక్ అయినా కడగవలసిందే, ముఖ్యంగా పశువుల ఎరువు వాడిన నేలలో పెరిగిన ఆకును.

ధ్రువీకరణ లేకుండా సహజం, స్వచ్ఛం, రసాయనరహితం అన్న మాటలు మాత్రమే రాసి ఆర్గానిక్ ధర అడిగే సరుకుకు నేను సాధారణ ధరకు మించి ఇవ్వను. ముద్ర మీద ధ్రువీకరించిన సంస్థ పేరు, నమోదు సంఖ్య ఉండాలి; ఆ సంఖ్యను సరిచూసుకునే వీలు ఉంటే సరిచూసుకోవాలి. రైతులు, కొనుగోలుదారులు కలిసి పరస్పరం తనిఖీ చేసుకునే భాగస్వామ్య హామీ పద్ధతి కూడా చాలా దేశాల్లో ఉంది. అందులో రుసుము తక్కువ కనుక ధర కూడా కొంత దిగుతుంది. నేరుగా రైతు నుంచి కొనగలిగినవారికి ఇది మంచి దారి. అమ్మేవారిని ఒక ప్రశ్న తప్పక అడగండి: ఈ నెల మీ దగ్గర ఏవి దొరకవు? నిజంగా ఆర్గానిక్ పద్ధతిలో పండించేవారి దగ్గర ప్రతి రుతువులోనూ లేని వస్తువులు కొన్ని ఉంటాయి. ఏడాది పొడవునా అన్నీ ఒకే సైజులో, ఒకే మెరుపుతో పెడుతున్నవారి మీద నాకు అనుమానం వస్తుంది. ఆకుకు చిల్లులు ఉన్నాయి కాబట్టి ఆర్గానికే అని నమ్మడం కూడా సరికాదు. మందుకు లొంగని పురుగు పడితే మందు కొట్టిన ఆకుకూ చిల్లులు పడతాయి.

చివరిగా, ఖర్చు తగ్గించుకోవడానికి నేను వంటశాలల్లో పాటించేవి కొన్ని చెబుతాను. రూపం బాగాలేదని పక్కన పెట్టిన వంకర కాయలను, చిన్న సైజు దుంపలను అడిగితే తక్కువ ధరకు ఇస్తారు. కూరలోకి తరిగాక తేడా తెలియదు. బెర్రీలు, బఠాణీ, పాలకూర వంటివి గడ్డకట్టించినవి కొంటే తరుగు దాదాపు ఉండదు, పోషకాలు తాజావాటితో పోల్చదగినట్లే ఉంటాయి, ఆర్గానిక్ రకానికి ధర తేడా కూడా చాలాసార్లు తక్కువే. ఆర్గానిక్ బిస్కెట్లు, చిప్స్, పండ్ల రసాల జోలికి మాత్రం ఈ డబ్బుతో పోకండి. వాటిలో చక్కెర, నూనె, ఉప్పు మామూలు రకంలో ఉన్నంతే ఉంటాయి, అదనపు ధర మాత్రం తరచుగా తాజా కూరగాయల కంటే ఎక్కువగా ఉంటుంది. ఆకుకూరలను రెండు రోజులకు సరిపడా మాత్రమే కొనండి. ఆర్గానిక్ ధర పెట్టి కొన్న కట్ట ఫ్రిజ్‌లో కుళ్లితే పైన చెప్పిన గిన్నె లెక్క మొత్తం తలకిందులవుతుంది.